లినక్స్ మింట్‌ను మీ కంటికీ చేతికీ నప్పేలా మలుచుకోవడం ఎలా?

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. ఆ తేదీకి అటూ ఇటూ బెంగళూరులో నాకు తెలిసిన తెలుగు ఇళ్లలో పాత ల్యాప్‌టాప్‌లు ఒకటొకటిగా, విండోస్ స్థానంలో ఉచితంగా వేసుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌కు మారాయి. మారతహళ్లి పీజీల్లో ఉండే పిల్లలవి కొన్ని, రిటైరైన పెద్దవారివి కొన్ని. మింట్‌ను ఎక్కించేవరకు పక్కన ఎవరో ఒకరు ఉంటారు. ఆ తర్వాత "దీన్ని నాకు తగ్గట్టు ఎలా మార్చుకోవాలి?" అనే ప్రశ్న మొదలవుతుంది. అక్కడ సాయం దొరకక, ఉన్నదానితోనే సరిపెట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. మీరు అలా సరిపెట్టుకోనవసరం లేదు. ఈ కింద చెప్పిన పనులు దాదాపు అన్నీ మౌసుతోనే అయిపోతాయి. నల్ల తెరలో ఆదేశాలు టైపు చేసే అవసరం ఎక్కడా రాదు.

ఇక్కడ చెప్పేవన్నీ మింట్‌లోని సినమన్ డెస్క్‌టాప్ గురించి, అంటే తెరమీద కనిపించే మెనూ, పట్టీ, కిటికీల అమరిక గురించి. మింట్ 2006లో మొదలైంది. 2011లో లినక్స్‌లో వాడే గ్నోమ్ అనే డెస్క్‌టాప్ మూడో వర్షన్ వచ్చి, కింద పట్టీ, మూలన మెనూ ఉండే పాత అమరికను తీసేసింది. ఆ అమరికకే అలవాటుపడినవాళ్ల కోసం మింట్ బృందం సినమన్‌ను తయారుచేసింది. మనిషి అలవాటుకు యంత్రం ఒదగాలి అనే పట్టుదలతో పుట్టింది కాబట్టే మార్పులకు ఇంత చోటిస్తుంది. మీ దగ్గర 22వ వర్షన్ ఉంటే, 2029 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఏ వర్షన్ ఉందో తెలియకపోతే, విండోస్ గుర్తున్న కీ నొక్కి 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్' అని వెతకండి. ఇకపై నేను చెప్పే ప్రతి సాధనాన్నీ ఇలాగే వెతికి తెరవవచ్చు. మీ తెరమీద పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి, నేను మన లిపిలో రాస్తున్నాను.

మొదట ఒక పలక

మా అక్క కొడుకు ఒక ఆదివారం ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని వచ్చాడు. "మామయ్యా, మెనూ తెరుచుకోవడం లేదు" అన్నాడు. ముందురోజు రాత్రి కూర్చుని కొత్త థీమ్ ఒకటి, ఐకాన్ల కట్ట ఒకటి, డెస్క్‌టాప్ నడవడికను మార్చే ఎక్స్‌టెన్షన్లు రెండు వేశాడు. ప్యానెల్‌ను, అంటే తెర అడుగునుండే పట్టీని, కిందినుంచి పైకి మార్చాడు. పొద్దున తెరిస్తే మెనూ బటన్ నొక్కినా స్పందన లేదు. "ఏది చేశాక ఇలా అయింది?" అని అడిగితే చెప్పలేకపోయాడు. చెప్పే వీలు కూడా లేదు, అన్నీ ఒకే ఊపులో చేశాడు మరి. యంత్రాన్ని పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్ అనే సాధనంలో పాత స్నాప్‌షాట్, అంటే ముందు దాచిన నకలు, ఉందని గుర్తొచ్చి, దాన్ని వెనక్కి తెచ్చి చూశాడట. అరగంట పట్టింది. ల్యాప్‌టాప్ మళ్లీ తెరిస్తే మెనూ అలాగే ఉంది.

ఇక్కడొక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. మింట్‌లో వ్యవస్థ ఫైళ్లు ఒకచోట, మీ సొంత ఫైళ్లు మీ హోమ్ ఫోల్డర్‌లో ఉంటాయి. మీరు దించుకున్న థీములు, పట్టీ మీది చిన్న పనిముట్లయిన యాప్లెట్లు, ప్యానెల్ అమరిక, ఫాంటు సైజు, ఇవన్నీ హోమ్ ఫోల్డర్‌లోనే దాగి ఉన్న ఫైళ్లలోకి చేరతాయి. టైమ్‌షిఫ్ట్ మామూలుగా వ్యవస్థను మాత్రమే కాపాడుతుంది, హోమ్ ఫోల్డర్‌ను వదిలేస్తుంది. అప్‌డేట్ ఏదైనా తేడా చేస్తే అది మిమ్మల్ని ఆదుకుంటుంది. థీమ్ పాడైతే దానికి సంబంధమే ఉండదు. చాలామంది టైమ్‌షిఫ్ట్ ఉందన్న ధీమాతో అన్నీ గెలుకుతారు. ఆ ధీమా సగమే నిజం.

అందుకే రంగులు, బొమ్మల జోలికి వెళ్లేముందు రెండో ఖాతా ఒకటి తెరవండి. చిన్నప్పుడు నోటు పుస్తకంలో రాసేముందు పలక మీద దిద్దుకునేవాళ్లం కదా, ఇదీ అంతే. 'యూజర్స్ అండ్ గ్రూప్స్' తెరిచి 'యాడ్' నొక్కండి. ఖాతా రకం 'స్టాండర్డ్' అని ఎంచుకుని, పేరు ఇవ్వండి. నేనైతే దానికి 'పలక' అనే పేరే పెడతాను. ఖాతా ఏర్పడ్డాక, కుడివైపు పాస్‌వర్డ్ వరస మీద నొక్కి పాస్‌వర్డ్ పెట్టండి. ఈ చివరి పని మరిచిపోయి లోపలికి వెళ్లలేక ఇబ్బందిపడేవాళ్లు ఉన్నారు. తర్వాత లాగౌట్ అయి ఆ ఖాతాతో లోపలికి వెళ్లండి. అప్పుడే కొన్న యంత్రంలా శుభ్రంగా ఉంటుంది. దాని హోమ్ ఫోల్డర్ వేరు కాబట్టి, అక్కడ ఏం చేసినా మీ అసలు ఖాతాకు తాకదు. మరీ గందరగోళమైతే ఆ ఖాతాను ఫైళ్లతో సహా తొలగించి, ఇంకోటి తెరుచుకోవచ్చు.

మింట్‌ను ఇంకా ఎక్కించనివాళ్లకు ఇంతకంటే సులువైన పలక ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడిపి చూసే పద్ధతిలో చేసిన మార్పులు, యంత్రాన్ని ఆపగానే చెరిగిపోతాయి. రెండు సాయంత్రాలు అలా గడిపి, నచ్చితేనే ఎక్కించండి.

టైమ్‌షిఫ్ట్‌ను మాత్రం మానకండి. దాని పని దానిది. మొదటిసారి తెరిచినప్పుడు 'ఆర్‌సింక్' ఎంచుకోండి. స్నాప్‌షాట్లు ఉండే డిస్కు లినక్స్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి, మామూలు పెన్‌డ్రైవ్ పనికిరాదు. మొదటి స్నాప్‌షాట్‌కు చాలా గిగాబైట్లు పడతాయి. తర్వాతివి మారిన ఫైళ్ల మేరకే చోటు తీసుకుంటాయి. రోజుకొకటి, రెండే నిలవ ఉండేలా పెట్టుకుంటే ఇంటి వాడకానికి చాలు. 'యూజర్స్' అనే విభాగంలో మీ ఖాతాకు ఎదురుగా దాగిన ఫైళ్లను మాత్రం చేర్చే వీలు ఉంది. అది ఎంచుకుంటే డెస్క్‌టాప్ అమరికలూ కాపాడబడతాయి. అయితే వెనక్కి తెచ్చినప్పుడు బ్రౌజరులోని బుక్‌మార్కుల వంటివీ ఆ పాత తేదీకి వెళ్తాయి. అందువల్ల కొత్తవాళ్లకు నేను పలక ఖాతానే సూచిస్తాను. ఫొటోలు, పత్రాలకు టైమ్‌షిఫ్ట్ రక్షణ లేదు, వాటిని విడిగా వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి.

ఇక ఒక చిన్న నోటు పుస్తకం. తేదీ, ఏం మార్చారు, ముందు ఎలా ఉండేది, ఈ మూడూ ఒక్క వరసలో రాయండి. ఒక మార్పు చేశాక కనీసం ఒక పూట దానితో పని చేయండి. తర్వాతే రెండోది. మా మేనల్లుడి యంత్రంలో ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ వెళ్తే రెండోదాని దగ్గర మెనూ తెరుచుకుంది. ఆ వరస ముందే రాసుకుని ఉంటే ఐదు నిమిషాల పని.

కళ్లకు సంబంధించినవి ముందు

కొత్తవాళ్లు దాదాపు అందరూ వాల్‌పేపర్‌తో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నేను మాత్రం అక్షరాలతో మొదలుపెట్టమంటాను. రోజుకు గంటలకొద్దీ మీరు చూసేవి అక్షరాలే. వాల్‌పేపర్ కిటికీల వెనకే ఉంటుంది.

మా అపార్టుమెంటులో కింది అంతస్తులో ఒక పెద్దాయన ఉంటారు. కోలారు జిల్లా తెలుగువారు, కర్ణాటక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. మింట్ తెరిచి చూపించిన రోజున కళ్లద్దాలు నుదుటిమీదికి నెట్టి, తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టి, "అక్షరాలు చీమల్లా ఉన్నాయి బాబూ" అన్నారు. 'ఫాంట్ సెలెక్షన్' తెరిచి, అడుగున ఉన్న 'టెక్స్ట్ స్కేలింగ్ ఫ్యాక్టర్' అనే అంకెను 1.0 నుంచి 1.1కి, అక్కడినుంచి 1.2కి పెంచాను. 1.2 దగ్గర ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. అక్కడ ఆగాను. మీరూ అలాగే చేయండి. పదో వంతు చొప్పున పెంచుతూ, వీపు కుర్చీకి ఆనినప్పుడు కూడా చదవగలిగే అంకె దగ్గర ఆగండి. మెనూలు, కిటికీల పేర్లు, సెట్టింగులు అన్నిటికీ ఈ ఒక్క అంకె వర్తిస్తుంది. 'డిస్‌ప్లే' విభాగంలో మొత్తం తెరను 200 శాతానికి పెంచే వీలూ ఉంది గానీ, మామూలు ల్యాప్‌టాప్ తెరమీద అది మరీ పెద్దదైపోయి కిటికీలు పట్టవు.

తర్వాత తెలుగు ఫాంటు. మన లిపికి వత్తులు కిందికి దిగుతాయి, గుణింతాలు పైకి లేస్తాయి. ఇంగ్లీషుకు చాలిన ఎత్తు తెలుగుకు చాలదు. అందుకని ఏ ఫాంటునైనా నాలుగు మాటలు రాసి పరీక్షించండి: స్త్రీ, రాష్ట్రం, క్షేత్రజ్ఞుడు, జ్యోత్స్న. జ్యోత్స్నలో త కింద స, దాని కింద న చక్కగా అమరాయా? కిందివరసకు తగులుతున్నాయా? వత్తు విడిపోయి పొల్లుతో పక్కన పడిందా? ఈ ఒక్క మాట సరిగ్గా వస్తే ఆ ఫాంటును నమ్మవచ్చు. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనబడితే, తెలుగు ఫాంటే లేదని అర్థం.

సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో పోతన, వేమన ఫాంట్లున్న ప్యాకేజీ దొరుకుతుంది. దాని పేరు ఇంగ్లీషులో 'ఫాంట్స్' అనే మాట, చిన్న గీత, ఆపైన తెలుగు అనే మాటలోని మొదటి నాలుగు అక్షరాలు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురన్న, గిడుగు, ధూర్జటి వంటివి ఉచితం. దించుకున్న ఫాంటు ఫైలు మీద రెండుసార్లు నొక్కితే నమూనా కనిపిస్తుంది, అక్కడే 'ఇన్‌స్టాల్' బటన్ ఉంటుంది. చదవడానికి నోటో సాన్స్ లేదా మండలి, శీర్షికకు రామభద్ర. ఇది నా ఎంపిక. రామభద్రతో పేజీ అంతా నింపితే పది వరసలకే కళ్లు అలుస్తాయి.

వీటిని 'ఫాంట్ సెలెక్షన్'లో మొత్తం డెస్క్‌టాప్‌కు పెట్టకండి. మెనూలలో ఇంగ్లీషు మాటలు ఎబ్బెట్టుగా తయారవుతాయి. తెలుగు ఎక్కువగా చదివేది ఎక్కడో అక్కడ పెట్టుకోండి. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి, ఫాంట్స్ దగ్గర 'అడ్వాన్స్‌డ్' నొక్కితే, ఏ లిపికి అని అడిగే జాబితా పైనే ఉంటుంది. అందులో తెలుగు ఎంచుకుని, ఫాంటు, సైజు విడిగా ఇవ్వవచ్చు. ఇంగ్లీషు పేజీలు అలాగే ఉండి, తెలుగు మాత్రం పెద్దదవుతుంది. సొంతంగా ఫాంటు పెట్టుకోని పేజీలన్నిటికీ ఇది వర్తిస్తుంది.

పత్రాలు రాసుకునే లిబ్రె ఆఫీసులో ఇంకో మెలిక ఉంది. అది తెలుగును ఇంగ్లీషునుంచి వేరుచేసి, 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' అనే కోవలో పెడుతుంది. టూల్స్, ఆప్షన్స్, భాషల విభాగంలో ఆ పేరు ఎదురుగా టిక్కు పెట్టి, పక్క జాబితాలో తెలుగు ఎంచుకోండి. అదే ఆప్షన్స్‌లో రైటర్ కింద ఆ కోవకు ప్రత్యేకంగా ఫాంట్ల పేజీ ఉంటుంది, అక్కడ మీ తెలుగు ఫాంటు పెట్టండి. ఇది చేయకపోతే ఇంగ్లీషు ఒక సైజులో, తెలుగు ఇంకో సైజులో వస్తూ విసిగిస్తాయి.

రాత్రిపూట పనిచేసేవాళ్లకు 22.1 వర్షన్ నుంచి 'నైట్ లైట్' సినమన్‌లోనే వస్తోంది. సాయంత్రం నుంచి తెర పసుపు ఛాయకు మారుతుంది. ఫొటోల రంగులు సరిచూసే పని ఉంటే ఆ సమయంలో ఆపండి.

చేతికి అలవాటైన తెలుగు

డెస్క్‌టాప్ మీదవుతుందన్న భావన నాకు తెలుగులో టైపు చేయగలిగిన రోజునే కలిగింది. అందుకే ఈ భాగం మీద ఒక సాయంత్రం పూర్తిగా పెట్టమని కోరుతున్నాను.

'కీబోర్డ్' తెరిచి 'లేఅవుట్స్' భాగానికి వెళ్లండి. కూడిక గుర్తు నొక్కితే పెద్ద జాబితా వస్తుంది. అందులో తెలుగు అని వెతికితే ఒకటికంటే ఎక్కువ అమరికలు కనిపిస్తాయి.

ఉత్త 'తెలుగు' అని ఉన్నది ఇన్‌స్క్రిప్ట్. భారతీయ లిపులన్నిటికీ కలిపి ప్రభుత్వం ప్రమాణంగా నిలబెట్టిన అమరిక ఇది. అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. షిఫ్ట్‌తో క కాస్తా ఖ అవుతుంది. ఇప్పటివరకు ఏ తెలుగు కీబోర్డూ అలవాటు లేనివాళ్లు, ఎక్కువగా రాయాలనుకునేవాళ్లు దీన్నే నేర్చుకోండి. రెండు చేతులూ సమంగా కదులుతాయి. ఒక లిపిలో నేర్చుకుంటే మిగతా భారతీయ లిపుల్లోనూ అవే కీలు.

రెండోది 'కగప'. దీని వెనక బెంగళూరు ఉంది. ఇక్కడి కన్నడ గణక పరిషత్తు తయారుచేసిన నుడి అనే కన్నడ సాఫ్ట్‌వేర్ కర్ణాటక ప్రభుత్వ కార్యాలయాల్లో విరివిగా వాడుకలో ఉంది. ఆ కీబోర్డు పద్ధతే పరిషత్తు పేరులోని పొడి అక్షరాలతో లినక్స్‌లోకి వచ్చింది, తెలుగుకు కూడా. ఉచ్చారణను బట్టి కీలు ఉంటాయి. కె నొక్కితే క, పి నొక్కితే ప. ట కావాలంటే క్యూ, డ కావాలంటే డబ్ల్యు. కింది అంతస్తు పెద్దాయనకు మొదట ఇన్‌స్క్రిప్ట్ పెట్టి ఇచ్చాను. వారం గడిచినా నాలుగు వరసలు రాయలేకపోయారు. అప్పుడు, "ఆఫీసులో నుడిలో టైపు చేసేవాడిని, అలాంటిది తెలుగుకు లేదా?" అని అడిగారు. కగప పెట్టాను. రెండు చూపుడువేళ్లతో మొదలుపెట్టి, చూస్తుండగానే పది వేళ్లూ దిగాయి. గుణింతాల దగ్గర కాస్త తడబడ్డారు గానీ, హల్లులు కీబోర్డు వైపు చూడకుండానే పడ్డాయి. ఇరవై ఏళ్లు కన్నడం రాసిన వేళ్లు అవి. తన ఊరి పేరు తెలుగులో తెరమీద పడగానే, గట్టిగా చదివి భార్యను పిలిచి చూపించారు. బెంగళూరులో పుట్టి పెరిగి, బడిలో కన్నడం టైపు చేసిన తెలుగు పిల్లలెవరైనా మీ ఇంట్లో ఉంటే, ఈ అమరిక వాళ్లకు చూపించండి.

ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటే గట్టిగా ఉన్నవాళ్లకు మూడో దారి. వేర్వేరు భాషల్లో టైపు చేయడానికి తోడ్పడే ఐబస్ పేరుతో సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతికి, ఎం17ఎన్ అని ఉన్న ప్యాకేజీ వేసుకోండి. 'ఇన్‌పుట్ మెథడ్' సాధనంలో ఐబస్ ఎంచుకుని, ఒకసారి లాగౌట్ అయి రండి. ఐబస్ సెట్టింగ్స్‌లో తెలుగు కింద ఐట్రాన్స్ పద్ధతి దొరుకుతుంది. ఫోనులోలా మాట మొత్తాన్ని ఊహించి చూపించదు, రాసిన అక్షరాన్నే ఇస్తుంది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా ఇక్కడ ముఖ్యం.

ఏది ఎంచుకున్నా, జాబితాలో ఇంగ్లీషును మొదటి స్థానంలోనే ఉంచండి. 'ఆప్షన్స్'లో ఒక లేఅవుట్ నుంచి ఇంకోదానికి మారే కీ ఎంచుకునే వరస ఉంది. ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కే పద్ధతి చాలామందికి చేతికి అందుతుంది. ఒక జాగ్రత్త. తెలుగులో రాస్తూ లేచి వెళ్తే తెరకు తాళం పడుతుంది. తిరిగొచ్చి పాస్‌వర్డ్ కొడితే తప్పంటుంది. పాస్‌వర్డ్ మరిచిపోయామని కంగారుపడతాం. కీబోర్డు ఇంకా తెలుగులోనే ఉండడం వల్ల అలా జరుగుతుంది. లేఅవుట్ మార్చి మళ్లీ కొట్టండి.

మెనూలు కూడా తెలుగులో కావాలనుకుంటే 'లాంగ్వేజెస్' ద్వారా తెలుగు వేసుకోవచ్చు. అనువాదం అన్నిచోట్లా పూర్తికాలేదు కాబట్టి తెలుగు, ఇంగ్లీషు కలిసి కనిపిస్తాయి. పలక ఖాతాలో వారం వాడి చూడండి. మీకు కుదిరితే ఆ మిగిలిన మాటలను మీరే తెలుగు చేయవచ్చు. మింట్ అనువాదాలు లాంచ్‌ప్యాడ్ అనే చోట అందరికీ తెరిచి ఉంటాయి.

ప్యానెల్, మెనూ, వేగం

కింది పట్టీ మీద ఖాళీ చోట కుడి బటన్ నొక్కితే 'ప్యానెల్ సెట్టింగ్స్' వస్తుంది. ఎత్తు పెంచడం, తానే దాక్కునేలా చేయడం, ఐకాన్ల సైజు, అన్నీ అక్కడే. అక్షరాలు పెంచాక పట్టీ ఎత్తును కూడా కొంచెం పెంచండి, లేకపోతే తెలుగు పేరున్న కిటికీల వత్తులు అడుగున తెగిపోతాయి. పట్టీ మీద వస్తువులను అటూ ఇటూ జరపాలంటే అదే మెనూలో 'ప్యానెల్ ఎడిట్ మోడ్' వెలిగించి, పని అయ్యాక ఆర్పేయండి. వెలిగించి వదిలేస్తే నొక్కిన ప్రతిదీ జరిగిపోతుంది.

పట్టీ మీద కూర్చునే చిన్న పనిముట్లు యాప్లెట్లు, తెర మీద తేలేవి డెస్క్‌లెట్లు, డెస్క్‌టాప్ నడవడికనే మార్చేవి ఎక్స్‌టెన్షన్లు. మూడింటికీ సెట్టింగ్స్‌లో విడివిడి పేజీలు, ప్రతి పేజీలో 'డౌన్‌లోడ్' భాగం ఉన్నాయి. వీటిని ఔత్సాహికులు రాసి ఉచితంగా పెడతారు. యాప్లెట్లు రెండు మూడు ధైర్యంగా వేసుకోండి. ఎక్స్‌టెన్షన్ దగ్గర మాత్రం ఆలోచించండి. అది సినమన్ లోపలి పనినే మారుస్తుంది కాబట్టి, కొత్త వర్షన్ వచ్చినప్పుడు ముందు చెడేది అదే. పలకలో వారం నిలిచిన ఎక్స్‌టెన్షన్‌నే మీ ఖాతాలోకి తెచ్చుకోండి.

యంత్రం పాతదైతే 'ఎఫెక్ట్స్'కు వెళ్లి కిటికీలు తెరిచేటప్పటి హంగులు ఆపేయండి. 'స్టార్టప్ అప్లికేషన్స్'లో మీకు అక్కర్లేనివి ఆపండి, ఏమిటో తెలియనివి ముట్టుకోకండి. మింట్‌కు కనీసం 2 గిగాబైట్ల ర్యామ్, సౌకర్యంగా ఉండాలంటే 4 కావాలి. అయినా నత్తనడకే అయితే లోపల తిరిగే హార్డ్ డిస్క్ ఉందేమో చూడండి. బెంగళూరులో కంప్యూటర్ విడిభాగాలు దొరికే ఎస్పీ రోడ్డుకు వెళ్లి, దాని స్థానంలో తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ డిస్కు వేయించుకుంటే వచ్చే తేడా, ఏ సెట్టింగుతోనూ రాదు. పాత డిస్కులోని ఫొటోలు ముందే కాపీ చేసుకుని, ల్యాప్‌టాప్ మోడల్ పేరు కాగితం మీద రాసుకుని వెళ్లండి.

రంగులు

'థీమ్స్' తెరిచి, పైన ఉన్న స్టైల్, వెలుగు, రంగు, ఈ మూడింటినే మార్చి చూడండి. మింట్ బృందం చేసిన మింట్-వై థీములు మెనూనుంచి ఫైళ్ల కిటికీ వరకు ఒకే తీరులో ఉంటాయి. బయటినుంచి తెచ్చినవి ఒక్కోసారి నల్లటి నేపథ్యం మీద నల్లటి అక్షరాలు చూపిస్తాయి. వాల్‌పేపర్‌కు మీరు తీసిన ఫొటోనే పెట్టండి. ఫిబ్రవరిలో కబ్బన్ పార్కు చెట్లకు గులాబీ పూలు విరగబూసినప్పుడు ఫోనుతో తీసింది నా తెరమీద ఉంది. ఆకాశం భాగం ఎక్కువున్న ఫొటో ఎంచుకుంటే ఐకాన్ల కింది పేర్లు చదవడానికి వీలుగా ఉంటాయి.

మధ్యలో ఏదైనా చెడితే

తెర బిగుసుకుంటే కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. సినమన్ మళ్లీ మొదలవుతుంది, తెరిచి ఉన్న పత్రాలు అలాగే ఉంటాయి. దానితో తీరకపోతే, చివరిగా వేసిన యాప్లెట్‌నో ఎక్స్‌టెన్షన్‌నో ఆపండి. నోటు పుస్తకం పనికొచ్చేది ఇప్పుడే. అప్పటికీ కుదరకపోతే, ప్యానెల్ మీద కుడి బటన్ నొక్కి 'ట్రబుల్‌షూట్'లో అన్ని అమరికలనూ మొదటికి తెచ్చే వరస ఎంచుకోండి. ఫొటోలు, పత్రాలు పోవు. మీ అలంకరణ మాత్రం పోతుంది, పుస్తకం చూసి మళ్లీ పెట్టుకోవాలి.

పలకలో వారం వాడినవి మీకు నచ్చాయని తేలాక, మీ అసలు ఖాతాలోకి వచ్చి పుస్తకంలోని వరసలు ఒక్కొక్కటే చేయండి. అంతా అయ్యాక టైమ్‌షిఫ్ట్‌లో కొత్త స్నాప్‌షాట్ తీసి, దానికి గుర్తుగా ఒక మాట రాసి పెట్టండి.

పలక ఖాతాను తొలగించకండి. కొత్త వర్షన్‌కు మారాక ఏదైనా తేడాగా అనిపిస్తే, ముందు అందులోకి వెళ్లి చూడండి. అక్కడా అదే తేడా ఉంటే తప్పు వ్యవస్థలో ఉన్నట్టు, టైమ్‌షిఫ్ట్ తెరవండి. అక్కడ అంతా బాగుంటే తప్పు మీ హోమ్ ఫోల్డర్‌లో ఉన్నట్టు, పుస్తకం తెరిచి చివరి వరసనుంచి వెనక్కి రండి.